ఆ రెండేండ్ల రిజిస్టరు



ఈ ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాసి ఇమ్మని కార్యదర్శిగారు అడిగినప్పుడు, మేము కడప నవాబుల మీదనో, పెద్ద దర్గా మీదనో రాస్తామని వారు అనుకొని ఉంటారు. ఆ సంగతులు మాకంటే పెద్దలు రాసి ఉన్నారు, ఇక ముందు కూడా రాస్తారు. మేము మాత్రం మన కళ్ల ఎదుటనే జరిగి, అప్పుడే మరుపున పడిపోతున్న ఒక చరిత్రను గురించి రాయదలచినాము. అది 2020, 2021 సంవత్సరాల కరోనా కాలపు చరిత్ర. నిన్న మొన్నటి సంగతి చరిత్ర ఎట్లవుతుందని ఎవరైనా అడగవచ్చును. ఇప్పుడు బడిలో చేరుతున్న పిల్లలకు ఆ రోజుల ముచ్చట రాజు కథ చెప్పినట్లే చెప్పాల్సి వస్తున్నది. అంతకంటే వేరే రుజువు ఏం కావాలి?

నూరేండ్ల కింద ఇట్లాంటిదే ఒకటి వచ్చింది. 1918లో, మొదటి ప్రపంచ యుద్ధం ముగిసే రోజుల్లో, ఓడల్లో తిరిగి వచ్చిన సిపాయిలతో పాటు బొంబాయి రేవులో దిగిన ఇన్‌ఫ్లుయెంజా జ్వరం రైళ్ల వెంట దేశమంతా పాకింది. తక్కువలో తక్కువ 1 కోటి 20 లక్షల మంది పోయినారని లెక్క. ఇంకా ఎక్కువే అనేవాళ్లు కూడా ఉన్నారు. ఆ దెబ్బకు 1911 నుంచి 1921 వరకు గడచిన పదేండ్లలో మన దేశ జనాభా పెరగకపోగా తగ్గింది. జనాభా లెక్కలు మొదలైనప్పటి నుంచి అట్ల తగ్గిన దశకం అదొక్కటే. ఇంత పెద్ద సంగతి గదా, మన ఇండ్లల్లో దాన్ని గురించి ఏం మిగిలింది? మా నానీ "బడా బుఖార్" అనే మాట అనేది, అంతే. ఆ బుఖారులో మన వాళ్లు ఎవరెవరు పోయినారు, ఎక్కడ పాతిపెట్టినారు అంటే చెప్పేవాళ్లు లేరు. రాసిపెట్టిన కాగితం లేదు. ఉన్న సమాధుల మీద పేర్లు లేవు.

ఈసారి అట్ల కాలేదు. కనీసం మన ఖబరస్తాన్ వరకు కాలేదు. ఎందుకు కాలేదో చెప్పడానికే ఈ వ్యాసం.

2020 మార్చి 22 ఆదివారం జనతా కర్ఫ్యూ. 24వ తేదీ రాత్రి ప్రధానమంత్రి టీవీలో మాట్లాడి, ఆ అర్ధరాత్రి నుంచి 21 రోజులు దేశమంతా మూసివేస్తున్నట్లు చెప్పినారు. మరుసటి రోజు 25వ తేదీ ఉగాది. కడప వాళ్లకు ఉగాది అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. బీబీ నాంచారి మన ఇంటి ఆడపడుచు అన్న వాడుకను బట్టి ఆ రోజు తెల్లవారుజామునే మన వాళ్లు కొందరు టెంకాయలు, బెల్లం పట్టుకొని దేవుని కడప గుడికి పోవడం తరాల నాటి ఆనవాయితీ. పోకూడదని వాదించేవాళ్లు మనలో ఉన్నారు, ఆ వాదన ఇక్కడ మనకు అప్రస్తుతం. మేము చెప్పేది ఏమంటే, ఆ ఉగాదికి గుడి తలుపూ మూసే ఉంది, మసీదు తలుపూ మూసే ఉంది. వాదించుకోవడానికి కూడా వీధిలో మనుషులు లేరు.

తర్వాత వారం దినాల్లోనే ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్ వార్త వచ్చింది. అక్కడికి పోయి వచ్చినవాళ్లలో కొందరికి జబ్బు అంటిన మాట వాస్తవమే. కాని టీవీల్లో దాన్ని చెప్పిన తీరు చూసినారు గదా! జబ్బుకు మతం అంటగట్టినారు. మన మొహల్లాల చుట్టూ వెదురు బొంగులు కట్టి రెడ్ జోన్ అన్నారు. అది జబ్బు కోసం పెట్టిన కట్టుబాటు, దానికి మనకు అభ్యంతరం లేదు. అభ్యంతరం వేరే దానికి. తోపుడు బండి మీద కూరగాయలు అమ్ముకునే మన కుర్రవాళ్లను వేరే వీధుల్లో పేరు అడిగి వెనక్కి పంపిన రోజులవి. మా బడిలో చదివిన పిల్లవాడే ఒకడు నాలుగు దినాలు తిరిగి, మెత్తబడిన టమాటాలు తెచ్చి మా వాకిట్లో పోసి, "ఊరికే తీసుకోండి సార్, యాడా కొంటలేరు" అన్నాడు. వానికి డబ్బు ఇచ్చినాము, వాడు తీసుకోలేదు.

ఆ కేసులు ఏమైనాయో చాలామందికి తెలియదు, ఎందుకంటే వాటిని అంత గట్టిగా ఎవరూ చెప్పలేదు. 2020 ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి విదేశీ జమాతు వాళ్ల మీద పెట్టిన కేసులను కొట్టివేసి, వాళ్లను బలిపశువులను చేసినట్లుందని తీర్పులో రాసింది. 2025 జూలైలో ఢిల్లీ హైకోర్టు 70 మంది భారతీయుల మీద ఉన్న కేసులను కూడా కొట్టివేసింది. నింద వారం రోజుల్లో వచ్చింది, తీర్పు అయిదేండ్లకు వచ్చింది.

ఆ ఏడు రంజాన్ ఏప్రిల్ 25న మొదలైంది. తరావీహ్ ఇండ్లల్లోనే. ఈద్ నమాజు ఇండ్లల్లోనే. మిద్దె మీద నలుగురు నిలబడి తక్బీర్ చెబుతుంటే పక్క మిద్దె మీది నలుగురు వాళ్లతో కలిసేది. పిల్లలకు అదొక సరదా. పెద్దవాళ్లు మాత్రం సలాం తిప్పి ఏడ్చినారు.

మే 8న ఔరంగాబాద్ దగ్గర రైలు పట్టాల మీద నడిచిపోతూ, అలసి అక్కడే పడుకున్న కూలీలు 16 మంది గూడ్సు బండి కింద పడి పోయినారు. వాళ్ల రొట్టెలు పట్టాల మీద చెల్లాచెదురుగా పడి ఉన్న ఫోటో పేపర్లో చూసి మా ఇంట్లో ఆ రోజు ఇఫ్తార్ గొంతు దిగలేదు. అంతకు వారం ముందే, మే 1న, తెలంగాణలోని లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు కూలీల కోసం మొట్టమొదటి ప్రత్యేక రైలు నడిచింది. ఆ రైలు మార్చి ఆఖరులో నడిచి ఉంటే ఎంతమంది నడక తప్పి ఉండేదో!

మన కడప, రాయచోటి ప్రాంతాల కూలీల కథ రైలు పట్టాల మీద కాదు, విమానాశ్రయాల దగ్గర నడిచింది. ఇండ్లల్లో వంట పనికి, డ్రైవరు పనికి కువైట్ పోయినవాళ్లు మనలో ఎంతమందో మీకు తెలుసు. 2020 మార్చిలో అంతర్జాతీయ విమానాలు ఆగిపోయినాయి. ఏప్రిల్‌లో కువైట్ ప్రభుత్వం కాగితాలు లేనివాళ్లకు ఆమ్నెస్టీ ఇచ్చింది. జుర్మానా లేకుండా వెళ్లిపొమ్మన్నది. వెళ్లడానికి విమానం ఏది? క్యాంపుల్లో వారాల తరబడి కూర్చున్నారు. మే నెలలో గాని విమానాలు రాలేదు. ఈలోపల అక్కడ ప్రాణం పోయినవాళ్లను అక్కడే సులైబిఖాత్ ఖబరస్తాన్‌లో దఫన్ చేసినారు. ఇక్కడ భార్యాపిల్లలు ఫోనులో చూసినారు. అట్లాంటి పేర్లు కూడా మన రిజిస్టరులో వేరే పేజీలో రాసి ఉన్నాయి. ఇక్కడ ఖబరు లేదు, పేరు మాత్రం ఉంది. ఆ పేజీ పెట్టాలని ఎవరు చెప్పినారో గాని, అల్లాహ్ వారికి మేలు చేయుగాక.

ఇప్పుడు ఆ రిజిస్టరు సంగతి.

ఖబరస్తాన్‌లో దఫన్ అయిన ప్రతి మయ్యత్ వివరం రాసే అలవాటు మన కమిటీకి మొదటి నుంచి ఉంది. పొడుగాటి లెడ్జరు, ఎర్ర గుడ్డ అట్ట. పేరు, తండ్రి లేక భర్త పేరు, మొహల్లా, వయసు, తేదీ, కారణం, గోర్కన్‌కు ఇచ్చిన కూలి. రాసేది మున్షీ సాహెబ్. ఉర్దూలోనే రాస్తారు. ఆ చేతిరాత షికస్తా, అంటే అక్షరాలు విరిచి, కలిపి, చుక్కలు వదిలేసి పరుగెత్తించే రాత. మా బడి పిల్లలకు ఆ పేజీ చూపిస్తే అది ఉర్దూ అని కూడా నమ్మరు.

మామూలు రోజుల్లో ఒక పేజీ నిండటానికి నెల పైన పట్టేది. 2020 జూలై, ఆగస్టుల్లో పేజీలు తొందరగా తిరిగినాయి. 2021 రంజాన్‌లో, అంటే ఏప్రిల్ 14 నుంచి మే 13 వరకు, ఒక్కొక్క పేజీ మూడు నాలుగు దినాలకే నిండింది. దేశంలో ఒక్క రోజు కేసులు 4 లక్షల 14 వేలు దాటినది ఆ మే మొదటి వారంలోనే. మే 10న తిరుపతిలో ఒక పెద్దాసుపత్రిలో ఆక్సిజన్ ప్రెషర్ పడిపోయి 11 మంది పోయినారు. టాంకరు రావడం ఆలస్యమైంది, అంతే. మన వాళ్లు సిలిండరు కోసం మోటారు సైకిళ్ల మీద ప్రొద్దుటూరు, కర్నూలు తిరిగినారు. రెమ్‌డెసివిర్ ఇంజక్షన్ ఒక్కదానికి బంగారు గొలుసు కుదువ పెట్టిన ఇల్లు మా వీధిలోనే ఉంది.

దఫన్ సంగతి అంతకంటే కష్టం. 2020 మార్చి 15న కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన సూచనల ప్రకారం మయ్యత్‌ను ముట్టుకోరాదు, స్నానం చేయించరాదు. ముఖం దూరం నుంచి చూపించవచ్చు, ముట్టకుండా చేసే ప్రార్థన చేసుకోవచ్చు. గుస్ల్ లేకుండా సాగనంపడం ఎట్లా అని ఇంటింటా గోల. సంచి పైననే తయమ్ముమ్ చేయించి, దానిపైననే కఫన్ కప్పవచ్చునని ఉలమా చెప్పిన తర్వాత గాని మనసులు కుదుటపడలేదు. ఆ మాట చెప్పడం ఎంత అవసరమైన పనో అప్పుడు తెలిసింది. పూడ్చడమే ప్రమాదం, అందరినీ కాల్చాల్సిందే అన్న ఉత్తర్వు బొంబాయిలో 2020 మార్చి 30న వచ్చి, గంటల్లోనే వెనక్కి పోయింది. పక్కన శ్రీలంకలో మాత్రం అట్టి ఉత్తర్వే 2021 ఫిబ్రవరి వరకు నడిచింది, పసిపిల్లలను కూడా వదలలేదు. 2024లో అక్కడి ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. మనకు ఆ గతి పట్టలేదు, అల్‌హమ్దులిల్లాహ్.

పని చేసినవాళ్లు మన కుర్రవాళ్లే. మెకానిక్కులు, పండ్ల బండ్ల వాళ్లు, డిగ్రీ చదివి ఉద్యోగం లేనివాళ్లు. ఎండలు మండే మే నెల, రోజా ఉండి, ప్లాస్టిక్ దుస్తులు తొడుక్కొని, జేసీబీ తవ్విన లోతు గుంతలోకి తాళ్లతో దించేవాళ్లు. విప్పిన తర్వాత బూట్లలోంచి చెమట నీళ్లు కారేవి. మన ఖబరస్తాన్‌తో ఆగలేదు వాళ్లు. సొంత బిడ్డలే దగ్గరికి రావడానికి భయపడిన హిందూ సోదరుల శవాలను శ్మశానానికి మోసి, చితి మీద పెట్టి వచ్చినారు. తిరుపతిలో మన యువకులు అదే పని చేసి పేపర్ల కెక్కినారు. మన ఊరి పిల్లల ఫోటోలు ఏ పేపర్లోనూ రాలేదు. కూరగాయల బండిని వెనక్కి పంపిన వీధిలోకే సంవత్సరం తిరగకుండా వీళ్లు శవాన్ని మోయడానికి పోయినారు. ఆ వీధి పెద్దమనిషి ఒకాయన తర్వాత మన సంఘానికి వచ్చి, ఏమీ మాట్లాడకుండా కొంతసేపు కూర్చొని, టీ తాగి పోయినాడు. అంతకు మించి ఏం కావాలి!

సంఘం ఆక్సిజన్ కాన్సెంట్రేటర్లు కొన్న సందర్భంలో వచ్చిన చర్చ కూడా రాసి ఉంచవలసినదే. జకాత్ డబ్బుతో కొనవచ్చా? జకాత్ అనేది బీదవాని చేతికి సొంతంగా అందాలి, మిషను సంఘం సొత్తు అవుతుంది గనుక కుదరదని మౌలానా గారు తేల్చినారు. అప్పుడు కువైట్‌లో ఉన్న మన వాళ్లు ఇమ్దాద్ పేరిట పంపిన డబ్బుతో కొన్నాము. వాళ్లకే అక్కడ సగం జీతాలు.

మా ఖాలూ, అంటే మా పిన్నమ్మ భర్త, 26వ రోజా నాడు, 2021 మే 9న పోయినారు. బీడీ అంగడి ఆయనది. అయిదు దినాలు జ్వరం, ఆరో దినం ఆయాసం. ఆసుపత్రిలో మంచం లేదన్నారు. పరీక్షకు ఇచ్చే క్యూలో నిలబడే శక్తి ఆయనకు లేదు. ఇంట్లోనే, మా ఖాలా చేతిలో ప్రాణం పోయింది. మున్షీ సాహెబ్ రిజిస్టరులో కారణం గడిలో "బుఖార్" అని రాసినారు. ఆ పేజీలో పైనుంచి కింది వరకు అదే మాట. బుఖార్, బుఖార్, సాన్స్, బుఖార్.

ఆ ఏడు జూన్ 30న సుప్రీం కోర్టు, కరోనాతో చనిపోయినవాళ్ల కుటుంబాలకు సాయం నిర్ణయించాలని చెప్పింది. 50,000 రూపాయలు అని ఖాయమైంది. సర్టిఫికెట్‌లో కరోనా అన్న మాట లేదన్న ఒక్క కారణంతో ఎవరినీ తిప్పి పంపరాదని అక్టోబరులో కోర్టు ఇంకొకసారి చెప్పింది. మంచి మాటే. కాని పరీక్ష కాగితమన్నా ఉండాలి, లేదా ఆసుపత్రిలో చేర్చుకున్న డాక్టరన్నా రాసి ఇవ్వాలి. పరీక్ష లేకుండా ఇంట్లో పోయినవాళ్లకు ఏ దారీ లేదు. మా ఖాలా ఇద్దత్‌లో ఉంది, నాలుగు నెలల పది దినాలు గడప దాటకూడదు. ఆ తర్వాత కాగితాలు పట్టుకొని కలెక్టరాఫీసు, మునిసిపాలిటీ తిరిగినాము. "ఆధారం ఏది?" అన్నారు. రిజిస్టరు పేజీ జిరాక్సు ఇచ్చినాము. అక్కడి గుమాస్తా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఎవరు చదవాల సార్?" అన్నాడు. మేము చదివి వినిపించినాము. "బుఖార్ అంటే జ్వరమే గదా" అన్నాడు. ఆయన తప్పు కాదు, ఆయన ముందున్న ఫారంలో జ్వరానికి గడి లేదు.

"క్యా లిఖే బేటా?" అని ఖాలా వరండాలోంచి అడిగింది. ఏం చెప్పాలి? "మళ్లీ రమ్మన్నారు ఖాలా" అన్నాము.

డబ్బు రాలేదు. పరీక్ష కాగితం ఉన్న కుటుంబాలకు సంఘం తరఫున ఫారాలు నింపి ఇచ్చినాము, వాళ్లలో చాలామందికి వచ్చింది. తల్లీతండ్రీ ఇద్దరినీ పోగొట్టుకున్న పిల్లలకు మన రాష్ట్ర ప్రభుత్వం 10 లక్షల డిపాజిట్ వేస్తామన్నది. ఇద్దరు పోయి ఉండాలి, ఇద్దరివీ కాగితాలు ఉండాలి.

ఇక మా సొంత రిజిస్టరు, బడి హాజరు పట్టీ. 2020లో పదో తరగతి పరీక్షలు రద్దు. 2021లోనూ రద్దు. టీవీలో పాఠాలు, ఫోనులో పాఠాలు. మన పిల్లల ఇంట్లో ఫోను ఒకటే, అది పొద్దున్నే తండ్రి జేబులో పనికి పోతుంది. పంతుళ్లకు ఏ డ్యూటీలు వేయాలో కూడా ఆ రోజుల్లో ఎవరికీ తోచలేదు. 2020 మేలో విశాఖ జిల్లాలో మద్యం దుకాణాల ముందు వరుసలు సరిచేయడానికి అయ్యవార్లను పెట్టినారు! మా బడిలో ఆ వార్త చదివి నవ్వినవాళ్లూ ఉన్నారు, తలకొట్టుకున్నవాళ్లూ ఉన్నారు.

2021 ఆగస్టు 16న బడులు తెరిచినారు. హాజరు పిలిచినాము. పేరు పిలిస్తే బదులు రాని చోట ఆగి, పక్క పిల్లవాన్ని అడిగితే "వెల్డింగు షాపులో ఉండాడు సార్", "బెంగుళూరుకు పోయినాడు సార్". ఆడపిల్లల వరుసలో అడిగితే తల వంచుకొని నవ్వేది. అంటే నికా అయిపోయిందని అర్థం. తొమ్మిదో తరగతి పిల్లకు! ఇల్లు గడవక, కట్నం లేకుండా, పదిమందిని పిలిచే ఖర్చు లేకుండా, లాక్‌డౌన్‌లోనే కానిచ్చేసినారు. మేము ఇండ్లకు పోయినాము. కొందరిని వెనక్కి తెచ్చినాము, కొందరు ఓపెన్ స్కూలులో పరీక్ష రాసినారు, ఎక్కువమంది రాలేదు. టమాటాలు పోసిన పిల్లవాని తమ్ముడు కూడా రాలేదు. కరోనా చావుల లెక్కలో వీళ్లెవరూ లేరు, ఉండరు కూడా.

లెక్క అంటే గుర్తుకు వచ్చింది. దేశంలో కరోనా మరణాలు ప్రభుత్వ లెక్క ప్రకారం సుమారు 5 లక్షల 33 వేలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మేలో, 2020, 2021లలో మన దేశంలో మామూలు కంటే 47 లక్షల మంది ఎక్కువగా పోయినారని అంచనా వేసింది. మన ప్రభుత్వం ఒప్పుకోలేదు. 2025 మేలో ప్రభుత్వమే 2021 నాటి జనన మరణాల నమోదు ప్రకటించింది. 2019లో నమోదైన మరణాలు సుమారు 76 లక్షలు, 2020లో 81 లక్షలు, 2021లో 1 కోటి 2 లక్షలు. అన్ని కారణాల మరణాలు కలిపి అది. నమోదు చేయించే అలవాటు పెరిగింది గనుక అంత తేడా కనిపిస్తున్నదని కొందరన్నారు. కొంత నిజం కావచ్చు. కాని ఒక్క ఏడాదిలో 20 లక్షల పైన పెరగడానికి అదొక్కటే కారణమంటే, మున్షీ సాహెబ్ పేజీలు చూసినవాళ్లం మేము నమ్మలేము. అక్కడ నమోదు చేసే అలవాటు మారలేదు. అదే లెడ్జరు, అదే చెయ్యి.

మున్షీ సాహెబ్ ఇప్పుడు లేరు. ఆయన రాత సాఫీగా చదవగలిగినవాళ్లు మన కమిటీలో ఇద్దరమే మిగిలినాము. అందుచేత గడచిన వేసవి సెలవుల్లో 2020 మార్చి నుంచి 2021 డిసెంబరు వరకు ఉన్న పేజీలన్నీ తెలుగులో ఎత్తి రాసినాము. కారణం గడిలో ఆయన ఏం రాస్తే అదే ఉంచినాము, బుఖార్‌ను కరోనా అని మార్చలేదు. కువైట్ పేజీ కూడా చేర్చినాము. కొన్ని పేర్లలో చుక్కలు లేక అర్థం కాలేదు. హబీబో హసీబో, జైనబ్ బీ నో జీనత్ బీ నో తేలలేదు. మూడు చోట్ల పేరు గడి ఖాళీగా ఉంది, ఆసుపత్రి బండి నుంచి నేరుగా దించినవి.

ఆ తెలుగు ప్రతి సంఘం ఆఫీసులో బీరువాలో ఉంది. ప్రతి ఆదివారం అసర్ నుంచి మగ్రిబ్ వరకు తెరిచి ఉంచుతాము. మీ ఇంటివాళ్ల పేరు, మొహల్లా, తేదీ సరిగా ఉన్నాయో లేదో వచ్చి చూసుకోండి. ఆడవాళ్లు రాలేకపోతే పిల్లల చేత చీటీ పంపండి. ఆ మూడు ఖాళీ గడుల తేదీలు 2021 మే 3, మే 6, మే 11. ఆ దినాల్లో మనవాళ్లలో ఎవరినైనా ఆసుపత్రిలో చేర్చి, తర్వాత ఎక్కడ దఫన్ చేసినారో తెలియక ఉండిపోయిన ఇల్లు ఉంటే, ముందుగా వాళ్లకు ఈ సంగతి చెప్పండి.